ఆ కాన్వాసు కుట్టింది నేను కాదు

ముప్పై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఎవరి సొత్తూ దోచుకోలేదు, ఎవరి కొంపా కూల్చలేదు. వింటే "ఓస్, ఇంతేనా?" అంటారేమో. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నదీ అదే. ఇంతే అయితే ఇంత బరువెందుకు?

తొంభైల మొదట్లో సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో ఉండేవాళ్ళం. బందరులో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇక్కడ వెస్ట్‌మీడ్‌లో ఒక స్టోర్సులో పెట్టెలు మోసేవాణ్ణి. నా సర్టిఫికెట్లు ఈ దేశంలో ఎవరికీ అక్కర్లేకపోయాయి. అందుకేనేమో, పక్క వీధి ముసలాయన తన పెరటి గడ్డిలో కూరుకుపోయిన పాత క్యాంపర్ ట్రైలర్‌ని చూపించి పట్టుకుపొమ్మనగానే పట్టుకొచ్చేశాను. కారు వెనక తగిలించుకునే చక్రాల పెట్టె అది. హ్యాండిల్ తిప్పితే కప్పు పైకి లేస్తుంది, రెండు పక్కలా మంచాలు బయటికొస్తాయి, చుట్టూ కాన్వాసు గోడలు సాగి గదవుతుంది. అవ్వాలి. మాదాని కప్పు లేవలేదు, నేల పుచ్చిపోయింది, కాన్వాసు పట్టుకుంటే పేలికలై చేతిలోకి వచ్చింది. మా తెలుగు చర్చివాళ్ళు కొందరు ఇంటికొచ్చినప్పుడు ఒక పెద్దాయన దాన్ని చూసి, "ఏమోయ్, కోళ్ళగూడు కొన్నావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది. ఆ రోజే పంతం పట్టాను.

ఎనిమిది నెలలు పట్టింది. నేల పీకి కొత్త ప్లైవుడ్ వేశాను. తుప్పు గీకి రంగులేశాను. చక్రాల బేరింగులు విప్పి గ్రీజు పెట్టాను. కప్పును లేపే ఉక్కు తీగలు తెగిపోతే కొత్తవి బిగించాను. మొదటిసారి కప్పు నాలుగు మూలలా సమంగా లేచిన రోజు, పెరట్లో ఒక్కణ్ణే నిలబడి ఈల వేశాను. ఇవన్నీ నేనే చేశాను. ఇందులో అబద్ధం లేదు.

కాన్వాసు మాత్రం నా వల్ల కాలేదు. నా భార్య కుట్టుమిషను మీద నెల్లాళ్ళు కుస్తీ పట్టాను. డబ్బాడు సూదులు విరిగాయి. ఎలాగో కుట్టి, బిగించి, గొట్టంతో నీళ్ళు కొడితే గోడలు జల్లెడలా కారాయి.

అది ఎదురింటావిడ చూసింది. వాళ్ళు ఫిజీ నుంచి వచ్చినవాళ్ళు. తాతలు విజయనగరం వైపు నుంచి చెరకు తోటల పనికి వెళ్ళారు, అక్కడ గొడవలయ్యాక వీళ్ళు ఇక్కడికి చేరారు. ఫిజీలో ఆవిడ పడవల తెరచాపలు, దుకాణాల టార్పాలిన్లు కుట్టిన మనిషి. ఇక్కడ కోడిమాంసం ప్యాకింగులో, మంచుగడ్డలాంటి గదిలో రోజంతా నిలబడేది. కుట్టుపని కోసం ఎక్కడికెళ్ళినా ఇక్కడి అనుభవం ఉందా అని అడిగి పంపేశారట. వేళ్ళు కొంకర్లు పోతున్నాయనీ, ఆ గదిలోంచి బయటపడితే చాలనీ నా భార్యతో అనేది.

ఆవిడే వచ్చి నేను వేసిన కుట్లన్నీ విప్పేసింది. తన పాత తొక్కుడు మిషను మా గ్యారేజీలోకి మోయించుకొచ్చి, ఆరు శనివారాలు కూర్చుని మళ్ళీ కుట్టింది. అంచులోకి అంచు మడిచి రెండు వరసలు వేసింది. కుట్టు వెంబడి కొవ్వొత్తి రుద్దింది. "ఇప్పుడు తడుపు భయ్యా," అంది. "మొదట కారతాది, కారనీ. నూలు నీళ్ళు తాగి ఉబ్బుతాది, సూది బొక్క మూసుకుంటాది. రెండోసారి రాదు." రెండోసారి నిజంగానే ఒక్క చుక్క రాలేదు.

మా చర్చివాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. ఇల్లు కొన్నా, ఉద్యోగం వచ్చినా కృతజ్ఞత కూడిక పెడతాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, ఇంటాయన లేచి సాక్ష్యం చెబుతాడు, తరవాత భోజనాలు. నా క్యాంపర్‌కీ పెట్టాను. నలభై మంది వచ్చారు. అందరి ముందూ హ్యాండిల్ తిప్పాను. తెల్లటి కప్పు లేచింది, ఆకుపచ్చ కాన్వాసు ఒక్క ముడత లేకుండా బిగిసింది. పెరడంతా చప్పట్లు! కోళ్ళగూడన్న పెద్దాయన కూడా చప్పట్లు కొట్టారు. నేను సాక్ష్యానికి లేచాను. దేవుని కృప వల్ల, మరొకరి చెయ్యి సాయం లేకుండా, ప్రతి మేకూ ప్రతి కుట్టూ నేనే వేశానన్నాను.

ఎందుకన్నాను? ముందే అనుకుని అన్నది కాదు. "కుట్టు తప్ప" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఈ దేశం వచ్చాక మొట్టమొదటిసారి నలభై మంది నన్ను మళ్ళీ మాస్టారిలా చూస్తుంటే, ఆ చూపులో పిసరంత కూడా ఇంకొకరికి పంచడం ఇష్టం లేక, ఆడమనిషి సాయం పట్టిందని తెలిస్తే పెద్దాయన మళ్ళీ నవ్వుతారేమోనని జంకి అన్నానని ఇప్పుడు అనిపిస్తోంది. సొమ్మొకడిది, సోకొకడిది.

అక్కడితో ఆగినా బాగుండేది. నాకు కాన్వాసు అమ్మిన, టెంట్లు కుట్టించే వర్క్‌షాపాయన, ఆస్ట్రేలియావాడు, నేను పిలిస్తే వచ్చాడు. భోజనాల దగ్గర కుట్టు వెంబడి వేలితో రాస్తూ నిలబడ్డాడు. మాట్లాడుకున్నది ఇంగ్లీషులో, నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో.

"నిజంగా నువ్వే కుట్టావా, మేట్?"

"నేనే."

"ఇలా కుట్టేవాళ్ళు నాకు దొరకడం లేదు. సోమవారం నుంచి పనిలోకి రా. నీకు కుదరకపోతే, నీకు నేర్పినవాళ్ళెవరో వాళ్ళని పంపు."

"ఎవరూ నేర్పలేదు," అన్నాను. "నాకా, టైం లేదు."

ఆవిడ పదడుగుల దూరంలో మా అతిథులకు పులిహోర వడ్డిస్తోంది. ఇంగ్లీషు ఆవిడకి నాకన్నా బాగా వచ్చు. విందా? ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టి, "తిను భయ్యా, పొద్దుటి నుంచీ నిలబడున్నావు," అంది. నేను ప్లేటు వంకే చూశాను.

సోమవారం ఆవిడ మళ్ళీ ఆ చల్లగదిలోకి వెళ్ళింది. ఇంకో రెండేళ్ళు వెళ్ళింది.

ఆ ఏడు సెలవుల్లో మేం క్యాంపర్ తీసుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. రెండు రోజులు కుండపోత. చుట్టుపక్కల టెంట్లన్నీ మునిగాయి, మా లోపల నేల పొడిగా ఉంది. తడిసినవాళ్ళంతా మా దగ్గరికొచ్చి టీ తాగారు. మా పిల్లలు "డాడ్ మేడ్ ఇట్!" అని ఊరంతా చాటారు. రాజులా కూర్చున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఛాతీ పొంగుతుంది, దాచను. నా భార్య కాన్వాసు మీద చెయ్యి ఆనించి చూసి, టీ పొయ్యడానికి వెళ్ళింది. ఏమన్నా అని ఉంటే దెబ్బలాడి తప్పించుకునేవాణ్ణి.

రోడ్డు దాటి చెప్పడానికి నాకు రెండేళ్ళు టైముంది. ఒకసారి వాళ్ళ తలుపు దాకా వెళ్ళి, నిమ్మకాయలిచ్చి వచ్చేశాను. తరవాత వాళ్ళు బ్రిస్బేన్ వెళ్ళిపోయారు. చిరునామా పోయిందని అంటుంటాను. పోలేదు, నేను అడగనేలేదు. మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ చల్లగదిలో నిలబడింది మీరు కాదు కదా.

దీని కింద నా పేరు వెయ్యడం లేదు. పేరు కోసం పడ్డ కక్కుర్తి చాలు. రెండు రోజుల వానని ఆపిన ఆ కుట్టు, నలభై మంది చేత చప్పట్లు కొట్టించిన ఆ కుట్టు, ప్రతి పోగూ అప్పలనర్సమ్మ వేసింది. ఫిజీ నుంచి వచ్చిన మా ఎదురింటి అప్పలనర్సమ్మ. అమ్మయ్య, అనేశాను.