వేటకెళ్లిన ఫోన్

ఆటోనగర్‌లో పైపులను ఒకదానికొకటి బిగించే ఫ్లాంజీలు చేసే చిన్న కంపెనీ మాది. షెడ్డు పక్కన ఒక గది, అదే ఆఫీసు. అందులో నేనూ, నాకంటే చిన్నదైన అకౌంట్స్ అమ్మాయీ కూర్చుంటాం. ఆ రోజు పొద్దున్నే లారీకి సరుకు ఎక్కించేశారు. దాంతో పంపాల్సిన టెస్ట్ రిపోర్టులు మాత్రం ఏటేటా చందా కట్టే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. అది మమ్మల్ని లోపలికి రానివ్వడం లేదు. ఆ రిపోర్టులు లేకుండా లారీ కదలదు.

పాస్‌వర్డ్ కొడితే తప్పంది. మార్చుకుంటే సరేనని మళ్లీ మొదటి పేజీకే తెచ్చి నిలబెట్టింది. బ్రౌజర్ మార్చాను, కుకీలు తుడిచేశాను, రూటర్ ఆపి మళ్లీ వేశాను. చివరికి, మీరు మీరేనని తేలాలి, ఫోన్‌కి కోడ్ పంపామంది. నంబరంతా చుక్కలే, చివరి రెండంకెలు తప్ప. నాది కాదు, ఓనరుగారిదీ కాదు. మళ్లీ పంపమని నొక్కుతూనే ఉన్నాను.

అమ్మాయి నా భుజం మీంచి తొంగిచూసి చెయ్యి పట్టుకుంది. "ఆగక్కా! అది మా అయ్య నంబరు."

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ఖాతా తెరిచింది తనే. తరవాత కొత్త సిమ్ తీసుకుని, పాతది వాళ్ల నాన్నకిచ్చేసింది.

"అయితే ఫోన్ చెయ్యి!"

"ఎక్కడికి సేత్తాను? వేటకెల్లాడు. సముద్రంలో సిగ్నలేటుంటాది?"

ఓనరుగారు విని నెత్తి గోక్కున్నారు. "లేప్‌టాప్ అట్టుకుని ఒడ్డుకి పొండమ్మా" అన్నారు.

స్కూటీ మీద అప్పికొండ దగ్గర వాళ్ల ఊరి తీరానికి వెళ్లాం. పడవ ఇంకా రాలేదు. ఇసుక దిబ్బ మీద కూర్చుని, నా ఫోన్ నెట్‌తో తెరిస్తే, చాలాసార్లు ప్రయత్నించారు, కాసేపు ఆగమంది. ఆగడం తప్ప చేసేదేముంది? ఇంతలో అలల మధ్య నీలం పడవ కనిపించింది. ఒడ్డున ఉన్నవాళ్లంతా దాన్ని లాగే తాడు అందుకున్నారు. నేనూ చెప్పులు విడిచి వాళ్లలో కలిశాను. ఎవరో లయగా కేక వేస్తున్నారు, మేం లాగుతున్నాం. చీర మోకాళ్ల దాకా తడిసింది. ఎందుకో ఆపుకోలేనంత నవ్వొచ్చింది.

వాళ్ల నాన్న దిగి, పాలిథిన్ కవరు విప్పి ఫోన్ తీశాడు. అప్పటికే అది టింగుటింగుమని మోగుతోంది. నేను నొక్కి పంపించిన కోడ్‌లన్నీ ఒక్కసారిగా వచ్చిపడుతున్నాయి. అన్నీ గడువు దాటినవే. కొత్తది అడిగాను. ఈసారి ఒప్పుకుంది. వెంటనే ఫోన్ మోగింది.

"అయ్యా, ఆ కోడ్ సెప్పు."

ఆయన ఫోన్ గుండెకి హత్తుకున్నాడు. "నాను సెప్పను. ఎవులడిగినా సెప్పొద్దని బేంకోలు మరీమరీ సెప్పినారు."

"నాను నీ కూతుర్ని అయ్యా!"

"కూతురికి సెప్పొచ్చని అన్లేదు కదేటి!"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. నేను లేప్‌టాప్ తిప్పి చూపించాను. "ఇది బ్యాంకుది కాదు బాబాయ్, మా ఆఫీసుది. మీ నంబరుకి పంపమని అడిగింది మేమే."

ఆయన తెర వంకా, ఫోన్ వంకా మార్చిమార్చి చూశాడు. ఆఖరికి కూతుర్ని దగ్గరికి లాక్కుని, అరచెయ్యి అడ్డం పెట్టి, చెవిలో ఒక్కో అంకే చెప్పాడు. తను కొడుతూంటే చుట్టూ ఉన్నవాళ్లు తెర మీదికి వంగారు.

పేజీ తెరుచుకుంది. మా ఫైళ్లన్నీ వరసగా ప్రత్యక్షమయ్యాయి.

"ఒచ్చీసింది!" అని తను గెంతింది. ఎందుకో తెలియకుండానే పిల్లలూ గెంతారు. రిపోర్టులు అక్కణ్నుంచే ఓనరుగారికి పంపాను. అది కాగానే ఖాతాలో ఆయన నంబరు తీసేసి మా ఇద్దరివీ పెట్టాం. లారీ బయల్దేరిందని ఓనరుగారు ఫోన్‌లోనే అరిచి చెప్పారు.

లేవబోతే వాళ్ల నాన్న అడ్డుపడ్డాడు. "ఎక్కడికెల్తావు తల్లీ? తాడు లాగినావు కదా, నీ వాటా సేపలు తినకుండా పోతావేటి?"

వాళ్లింటి అరుగు మీద, అమ్మాయి వాళ్లమ్మ కానాగంత చేపలు వేయించి వేడివేడిగా పళ్లెంలో వేస్తూనే ఉంది. అరచేతులు తాడు ఒరుసుకుని మండుతున్నాయి, కారం తగిలి ఇంకా మండుతున్నాయి. అయినా వద్దనలేకపోయాను.