జె వరుసలో తొమ్మిది కుర్చీలు

రెండేళ్ళుగా విల్ఫ్ ఆక్‌రాయిడ్ ఫుట్‌బాల్ ఆటని నా నోటితోనే చూస్తున్నాడు.

"బంతి ఎవరి దగ్గరుంది?" అంటాడు.

"మన ఏడో నంబరు దగ్గర."

"ఏం చేస్తున్నాడు?"

"ఆలోచిస్తున్నాడు."

"అయితే పోయినట్టే" అంటాడు. మరుక్షణం పోతుంది కూడా.

ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు. కాలువ వైపు గోలు పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తుందట, రైల్వే వైపు గోలు అసలు లేనట్టేనట. అయినా శనివారం ఆటకి హెల్మ్‌షా టౌన్ గ్రౌండ్‌కి అందరికన్నా ముందొచ్చి, జేబులోంచి పాత గుడ్డ తీసి, మా వరుసలో తొమ్మిది కుర్చీల మీదా పావురాల రెట్ట తుడిచేవాడు. కళ్ళు కనపడకపోయినా చేత్తో తడిమి తుడిచేవాడు. ముప్ఫై నాలుగేళ్ళు ముప్ఫై ఆరో నంబరు బస్సు నడిపిన మనిషి. బస్సులో సీట్లు తుడిచే పని డ్రైవరుది కాదు, అయినా అదీ ఆయనే చేసేవాడని మావిస్ చెప్పేది. మావిస్ బడి వంటింట్లో పనిచేసి రిటైరైంది, విల్ఫ్ పక్క కుర్చీ ఆమెది. ఆయనకి రెండోపక్క కుర్చీ నాది. నాకన్నా ముందు అది మా నాన్నది.

మా వరుసకో పద్ధతి ఉండేది. మరుసటి ఏడాది సీజన్ టికెట్ల డబ్బు ఎవరికి వాళ్ళం కట్టం. అక్టోబరు నుంచి ప్రతి మ్యాచ్‌కీ తలా ఇరవయ్యో పదో విల్ఫ్ చేతిలో పెడతాం. ఆయన దాన్ని ఓ టాఫీ డబ్బాలో వేసుకుంటాడు. మార్చి ఆఖరి రోజు నాలుగు లోపల తొమ్మిది ఫారాలూ డబ్బాతో సహా టికెట్ల కిటికీ దగ్గర ఇచ్చి వస్తాడు. ఒక్కరి ఫారం ఆలస్యమైనా ఆ కుర్చీ బజార్లో పడుతుంది, మా మధ్యకి ఎవరో కొత్తవాడొచ్చి కూర్చుంటాడు. నలభై ఒక్క ఏళ్ళలో అలా ఒక్కసారీ జరగలేదు. పెద్దవయసు వాళ్ళవి నూటడెబ్భై చొప్పున మూడు, మిగతావి ఆరు, మొత్తం రెండువేల నాలుగువందల ముప్ఫై పౌండ్లు. అందులో నావి మూడువందల ఇరవై.

ఈ ఏడు ఫిబ్రవరి నాటికే క్లబ్బు పరిస్థితి ఎవరికీ నమ్మబుద్ధి కావడం లేదు. కరెంటు ఖర్చు తగ్గించడానికి ఆటలు మూడింటికి కాకుండా ఒంటిగంటకే మొదలుపెట్టారు. ఆటగాళ్ళకి రెండుసార్లు జీతాలు ఆలస్యమయ్యాయి. ఒక్క పౌండుకి క్లబ్బు కొన్న యజమాని క్రిస్మస్ తర్వాత స్టాండులో కనిపించలేదు. పన్నుల వాళ్ళు కోర్టుకి వెళ్ళారని పేపర్లో వచ్చింది.

నేను నీళ్ళ కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. మా పాప నెల్‌కి అప్పటికి తొమ్మిది నెలలు. దాన్ని శిశు కేంద్రంలో వేస్తే తప్ప నేను పూర్తి పనికి వెళ్ళలేను, ముందుగా మూడువందలు కడితే తప్ప వాళ్ళు చేర్చుకోరు. ఆ మూడువందల గురించి స్నానం చేస్తూ కూడా లెక్కలేసుకునే రోజులవి. అందుకే డబ్బాలో వేసిన మూడువందల ఇరవై వెనక్కి తీసుకుని, ఈసారి క్రెడిట్ కార్డుతో కట్టాలనుకున్నాను. క్లబ్బు మునిగితే కార్డు కంపెనీ డబ్బు తిరిగిస్తుంది. కిటికీ దగ్గరికి వెళ్తే అద్దం మీద కాగితం అంటించి ఉంది: కార్డులు తీసుకోబడవు, నగదు మాత్రమే.

ఆ కాగితం ఫోటో తీసుకుని శనివారం పన్నెండింటికి వీవర్స్ పబ్‌కి వెళ్ళాను. వరుసంతా అక్కడే ఉంది. విల్ఫ్ మూల కుర్చీలో అర గ్లాసు బీరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"లెక్కల పుస్తకం తెరిచి చూపించేదాకా ఒక్క పెన్నీ ఇవ్వొద్దు" అంటున్నాడు డగ్గీ. ప్లంబరు, గొంతు పెద్దది. "వాడు మన డబ్బుతో స్పెయిన్‌లో ఈత కొలను కట్టుకుంటుంటే మనమిక్కడ చల్లారిన మీట్ పై తినాలా?"

"ఆ మీట్ పై వేడిగా ఉన్నప్పుడు కూడా నువ్వు తిట్టావు" అంది మావిస్.

"వేడిగా ఉన్నప్పుడు లోపల మాంసం లేదని తిట్టాను. అది వేరు."

"మనం ఇవ్వకపోతే ఆ జెర్సీలు ఉతికే పిల్లలకి జీతాలెవరిస్తారు? రేపు క్లబ్బు పోతే మనవల్లే పోయిందంటారు. నేను మాత్రం ఆ మాట పడను."

"యజమాని వల్ల పోతుంది, నీ వల్ల కాదు మావిస్. నీ నూటడెబ్భైతో ఆగేదైతే నేనే నీకు విగ్రహం పెట్టిస్తా."

"నీ చేతిలో పెడితే అది కూడా కారుతుంది" అంది మావిస్. అందరూ నవ్వారు. విల్ఫ్ నవ్వలేదు.

అప్పుడు నేను ఫోను బల్ల మీద పెట్టాను. కార్డు కంపెనీలు మనకన్నా ముందు లెక్కలు చూస్తాయని చెప్పాను. సీజన్ పూర్తికాకపోతే డబ్బు వెనక్కివ్వాల్సింది వాళ్ళే గనక, ఏ క్లబ్బు పూర్తిచేయదో వాళ్ళకి ముందు తెలుస్తుంది. వాళ్ళు తప్పుకున్నారంటే ఆగస్టులో ఇక్కడ కొత్త సీజన్ మొదలవదని లెక్క.

"మెయిన్ పైపు పగిలినప్పుడు ఇంకా ఎక్కువ నీళ్ళు వదిలితే కుళాయిలోకి రావు" అన్నాను. "రోడ్డు మీదకి పోతాయి. మా పనిలో మొదట చేసేది వాల్వు కట్టడం."

"అమ్మాయ్ చదువుకుంది" అన్నాడు డగ్గీ. "వాల్వు కట్టేద్దాం. చేతులెత్తండి."

ఏడు చేతులు లేచాయి. అందులో నాదొకటి. మావిస్ చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. విల్ఫ్ చేతులు గ్లాసు చుట్టూ ఉన్నాయి.

"పెద్దాయనా, నీ సంగతేంటి?"

"మీరంతా అనుకున్నదే" అన్నాడు విల్ఫ్.

"అయితే వచ్చే శనివారం డబ్బా పట్రా. ఎవరివి వాళ్ళకిచ్చేయ్. నువ్వేం బెంగపడకు, వాడు లెక్కలు చూపిస్తే మళ్ళీ నీకే ఇస్తాం."

"సరే" అన్నాడు. ఆ గ్లాసులో బీరు తాగకుండానే లేచి గ్రౌండ్‌కి బయల్దేరాడు, కుర్చీలు తుడవడానికి.

తర్వాతి శనివారం ఒక్కొక్కరికీ పేరు రాసిన కవరిచ్చాడు. మావిస్ తనది వద్దంది. బలవంతంగా సంచిలో పెట్టాడు. నేను సగం ఆటలో మరుగుదొడ్డికి వెళ్ళినప్పుడు నా కవరు విప్పాను. పదహారు ఇరవైలు. కొత్తవి, మడత కూడా పడనివి, నంబర్లు వరుసగా ఉన్నవి.

నేను ఆయన చేతిలో పెట్టినవి అవి కావు. నేనిచ్చినవి నలిగిన అయిదులూ పదులూ. డిసెంబరులో ఒకసారి చిల్లర నాణాలు ఇచ్చినందుకు "బస్సు ఎక్కుతున్నావనుకున్నావా తల్లీ" అని వెక్కిరించాడు కూడా.

తిరిగొచ్చి కూర్చున్నాను. రెండో సగం మొదలైంది. "బంతి ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

"విల్ఫ్, మా డబ్బులు ఎక్కడ?"

"నీ చేతిలోనే ఉన్నాయి కదా."

"ఇవి బ్యాంకువి. డబ్బాలోవి ఎక్కడ?"

అటువైపు మావిస్ లేచి ఎవరినో తిడుతోంది, రిఫరీని అనుకుంటా. అప్పుడు నా చెవి దగ్గర చెప్పాడు. మేం పబ్‌లో కూర్చోవడానికి నాలుగు రోజుల ముందు, టికెట్ల కిటికీలో ఉండే జోన్ ఆయన్ని చూసి ఏడ్చిందట. గడ్డి కోసే అతనికి రెండు నెలలుగా జీతం లేదు, శుక్రవారంలోగా ఇరవైవేలు జమ అయితే కోర్టు నెల రోజులు గడువిస్తుంది, లేకపోతే తాళమే అందట. డబ్బా ఆయన సంచిలోనే ఉంది. అందులో డబ్బంతా ఇచ్చేశాడు. నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆఖరి రోజుదాకా ఆగలేదు.

"పబ్‌లో చెప్పొచ్చుగా!"

"నువ్వు పైపు సంగతి చెప్తున్నావు. బాగా చెప్తున్నావు." అన్నాడు. "అడగకుండా ఇచ్చానని ఎట్లా చెప్పను? వాళ్ళ డబ్బది."

"మరి ఇవెక్కడివి?"

చెప్పలేదు. ఆట అయ్యాక మావిస్ అన్న మాటలతో నాకే అర్థమైంది. మార్చి పంతొమ్మిదిన ఆయన కుడి కంటికి ఆపరేషను. సర్కారు ఆసుపత్రిలో పద్నాలుగు నెలలు ఆగాలంటే, ఆగలేక, పింఛనులోంచి మూడేళ్ళు దాచి ప్రైవేటులో రోజు తీసుకున్నాడు. పైగా సర్కారు జాబితాలోంచి తన పేరు తనే కొట్టేయించుకున్నాడు, వెనకున్న వాళ్ళెవరికైనా ముందు దొరుకుతుందని. ఇప్పుడు ఆ ప్రైవేటు రోజు పోయింది. జాబితాలో మళ్ళీ చేరాడు, ఆఖర్న.

"రద్దు చేశావెందుకంటే రొంప చేసిందన్నాడు" అంది మావిస్. "రొంపకి కంటి ఆపరేషను రద్దు చేసే మొగాణ్ణి ఇతన్నే చూశా."

ఎందుకో నాకు తెలుసని ఆమెకి చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆయన నాతో ఒట్టు వేయించుకున్నాడు. చెప్పి ఉంటే డగ్గీ అరిచి గోల చేసి, ఆ రోజే అందరి కవర్లూ వెనక్కి లాక్కుని ఆయన జేబులో కుక్కేవాడు. ఒట్టు పేరు చెప్పి నేను నోరు మూసుకున్నాను. అసలు సంగతి అది కాదు. అందరూ తిరిగిస్తే నేనూ ఇవ్వాలి. సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆ పదహారు ఇరవైల్లో పదిహేను శిశు కేంద్రంలో లెక్కపెట్టి ఇచ్చాను. రసీదిచ్చిన అమ్మాయి నెల్ బుగ్గ గిల్లింది. మిగిలిన ఇరవైతో పాలడబ్బా కొన్నాను.

నా లెక్క తప్పు కాదు. ఏప్రిల్లో యజమాని ఫోను ఎత్తడం మానేశాడు. మే మొదటి శనివారం ఆఖరి ఆట. ఓడిపోయాం. విల్ఫ్ ఆ రోజు కూడా తొమ్మిది కుర్చీలూ తుడిచాడు, ఏడుగురమే వచ్చాం. జూన్‌లో కోర్టు మనుషులొచ్చి గేటుకి గొలుసు వేశారు. లెక్క సరిపోయినందుకు డగ్గీ నాకు పబ్‌లో ఓ గ్లాసు జిన్ ఇప్పించాడు. "మూడువందల ఇరవై మిగిల్చావు అమ్మాయ్, ప్రాణం కాపాడావు" అన్నాడు. ఆ గ్లాసు ఎలా తాగానో నాకే తెలియదు.

జూలైలో ఓ మధ్యాహ్నం విల్ఫ్ మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర మెట్టు ఒకటే అనుకుని రెండోదానికి తట్టుకున్నాడు. చేతిలో టాఫీ డబ్బా.

"చదివి పెడతావా తల్లీ. అక్షరాలు ఈగల్లా ఉన్నాయి."

క్లబ్బు బాకీలు తేల్చేవాళ్ళు పంపిన ఫారం అది. సీజన్ టికెట్లు కొన్నవాళ్ళు అందరికన్నా ఆఖరి వరస. పౌండుకి రెండు పెన్నీలు రావచ్చు, అదీ ఖాయం కాదు. డబ్బాలో జోన్ చేత్తో రాసిన తొమ్మిది రసీదులు. వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. నెల్ అరటిపండు నలిపి ఆయన చొక్కా చేతికి రాసింది. ఆయనకి కనిపించలేదు. నేను తుడిచాను.

మనసులో లెక్క వేశాను. తొమ్మిదింటికీ కలిపి నలభై ఎనిమిది పౌండ్ల అరవై పెన్నీలు.

"మొత్తం మీ పేరు మీదే రాస్తాను" అన్నాను. "డబ్బు మీదే కదా."

"వద్దు. రసీదుల మీద ఎట్లా ఉందో అట్లాగే రాయి. ఎవరి కుర్చీ వాళ్ళ పేరున."

"వాళ్ళంతా డబ్బు తీసేసుకున్నారు విల్ఫ్. నేను కూడా." ఆ మాట మార్చి నుంచి నా గొంతులో ఉంది. "అది మీ కన్ను అని తెలిసి కూడా తీసుకున్నాను."

ఆయన నెల్ ఉన్నవైపు తల తిప్పాడు. దానికి కొంచెం పక్కగా చూస్తున్నాడు.

"రేపు ఎవరైనా కొని మళ్ళీ తెరిస్తే పాత జాబితా చూసే కుర్చీలిస్తారు" అన్నాడు. "ఒక్కడి పేరున తొమ్మిది ఉంటే ఒకటిచ్చి ఊరుకుంటారు. రాయి. పది, మావిస్. పన్నెండు, నువ్వు."

రాశాను. డగ్గీ పేరు రాశాను. మిగతా అయిదుగురివీ రాశాను. పదకొండో నంబరు ఆయనది.

కింద సంతకం గీత ఎక్కడుందో ఆయనకి దొరకలేదు. కలం బల్ల మీద ఆనించాడు. ఆయన మణికట్టు పట్టుకుని గీత మీదకి జరిపాను.

"ఇక్కడేనా?"

"ఇక్కడే."