దొడ్డబళ్ళాపురం మైదానంలో ఐదు నిమిషాల అదనపు సమయం

మా అమ్మాయి సహస్ర పద్నాలుగేళ్ళలోపు బాలికల ఫుట్‌బాల్ జట్టులో రెండో గోల్‌కీపర్. మొదటి కీపర్‌కు జ్వరం రావడంతో, దొడ్డబళ్ళాపురంలో జరిగే చివరి లీగ్ మ్యాచ్‌లో తొలిసారి ఆమెకు అవకాశం దక్కింది. గెలిస్తే మా జట్టు ఫైనల్‌కు వెళుతుంది; సమమైతే ఎదుటి జట్టు వెళుతుంది. ఆ ఆదివారం మా ప్రయాణానికి కారణం ఇదే.

కుందలహళ్ళి నుంచి మెట్రోలో మెజెస్టిక్‌కు, అక్కడి నుంచి యలహంక మీదుగా బస్సులో వెళ్ళాము. ఏడున్నరకు బయలుదేరితే పదింటికి చేరాము. ఇద్దరికీ రానుపోను ఖర్చు ఐదు వందలు దాటలేదు. దారంతా సహస్ర చేతితొడుగులు తీస్తూ తొడుగుతూనే ఉంది. మైదానానికి ఒక పక్క మరమగ్గాల షెడ్డు, మధ్యలో మనిషెత్తు గోడ. చూడటానికి వెళ్ళేవారికి నీడ దొరికేది ఆ గోడ పక్కనే.

ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాము. ఆట మరికాసేపట్లో ముగుస్తుందనగా బంతి గోడ దాటింది. మరో బంతి ఉంది గానీ దానిలో గాలి లేదు. గేటు దగ్గర ఉన్నది నేనే కనుక తేవడానికి కదిలాను. మా జట్టులో ఒకమ్మాయి తండ్రి వెనక నుంచి, “అన్నా, మెల్లగా రండి! టైం అయిపోతే మ్యాచ్ మనదే!” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

షెడ్డు యజమాని బంతిని చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఏమప్పా, మీ పిల్లోళ్ళు గోలు కొడతా ఉండారా, నా గోడ కొడతా ఉండారా?”

“గెలుస్తున్నామండీ.”

“అట్లయితే అర్జెంటేముండాది? కాఫీ తాగి పో అప్పా.”

తాగాను. వేడిగా ఉందని ఊదుకుంటూ మరీ తాగాను. తిరిగి వచ్చేసరికి పిల్లలు నడుముల మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు. రెఫరీగా ఉన్న యువతి బంతి అందుకుని, నా మీసం వైపు చూసి, “కాఫీ చెన్నాగిత్తా సార్?” అంటూ కాఫీ బాగుందా అని కన్నడంలో అడిగారు. ఆ వెంటనే తన గడియారం మీద వేలితో తట్టారు.

ఇలాంటి పోటీల్లో అదనపు సమయం చూపే బోర్డు ఉండదు. గాయాలకు, బంతి కోసం ఆగినందుకు ఎంత కలపాలో రెఫరీ ఒక్కరే నిర్ణయిస్తారు. నిర్ణీత సమయం ముగియగానే ఆమె ఐదు వేళ్ళూ ఎత్తి చూపారు. “ఐదా! ఇదేం న్యాయం మేడమ్?” అని నన్ను మెల్లగా రమ్మన్నాయనే అరిచారు. ఆమె తల తిప్పలేదు.

అంతకుముందు చకచకా బంతి అందించుకున్న మా పిల్లల కాళ్ళు బిగిసిపోయాయి. ఎదుటి జట్టు మా మీద పడింది. వరుసగా రెండు షాట్లను సహస్ర ఆపింది. నాలుగో నిమిషంలో మూడో షాట్ ఆమె వేళ్ళను తాకి వలలోకి దూసుకుపోయింది. సమం.

మేము మళ్ళీ దాడికి వెళితే ఎదుటి జట్టు డిఫెండర్ తన్నిన బంతి గోడ దాటింది. “పరిగెత్తండన్నా, పరిగెత్తండి!” అదే గొంతు. పరిగెత్తాను. యజమాని గేటు దగ్గరే బంతితో ఉన్నారు.

“ఈసారి కాఫీ వద్దా అప్పా?”

రెఫరీ ఆ ఆలస్యాన్నీ కలిపారు. మాకు దక్కిన కార్నర్ కిక్ గోల్ పైనుంచి పోయింది. ఈల మోగింది.

తిరుగు బస్సులో సహస్ర చేతితొడుగులు సంచిలో కుక్కేసింది. యలహంక దాటాక, “నాన్నా, నువ్వు బంతి తెచ్చినప్పుడు నీ మీసానికి నురగ ఉండింది. మేం బాగానే ఆడుతున్నాం కదా, ఎందుకు లేట్ చేశావ్?” అంది. నేను చేత్తో మీసం తుడుచుకున్నాను.

రెఫరీ మాకు అన్యాయం చేయలేదు. నేను పారబోసిన నిమిషాలను ఏరి తిరిగి ఆటలో పోశారు, అంతే. కానీ ఆట ఆగకముందు పిల్లల కాళ్ళలో ఉన్న వేడిని ఏ గడియారమూ తిరిగి ఇవ్వలేదు. అక్కడికి మ్యాచ్ చూడటానికి వెళ్ళేవారికి ఒక్క సూచన: గాలి నింపిన బంతి ఒకటి వెంట తీసుకువెళ్ళండి. గోడ అవతల కాఫీ నిజంగానే బాగుంటుంది. చివరి ఈల మోగాక తాగండి.