మస్తాన్ మామకు నేను చెప్పిన రెండో మాత్ర

2018 వేసవి, రంజాన్ నెల ఇంకా మొదలు కాలేదు. జమ్మలమడుగులో మెడికల్ షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. గోడకు బి.ఫార్మసీ పట్టా వేలాడుతుండేది, దానికి తగ్గ పొగరు నాకుండేది. డాక్టరు రాసిన చీటీకి నా పాండిత్యం కాస్త కలపందే నాకు తోచేది కాదు.

మస్తాన్ మామ మా వీధి టైలరు. అరవై దాటినా మిషన్ కాలితోనే తొక్కేవాడు. మోకాళ్ల నొప్పికి ప్రొద్దుటూరు డాక్టరు ఐబూప్రొఫెన్ రాశాడు, అన్నం తిన్నాక పూటకొకటి. నాలుగో రోజు మామ షాపుకొచ్చాడు.

"మోకాళ్లు శానా పీకుతాండాయప్పా. పండగ బట్టలు యాడియాడనే ఉండాయి. ఇంగేమన్నా గట్టి మాత్ర ఈ."

నేను పాఠం మొదలుపెట్టాను. ఈ మందులో రెండు రకాల అణువులు సగం సగం ఉంటాయి. కుడిచేయి, ఎడమచేయి ఉన్నట్టు, ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మ. నొప్పి తగ్గించేది ఎస్ రకం, ఆర్ రకం ఊరికే ఉంటుంది. కాలేజీలో నాకు ఎక్కింది అంతవరకే.

"సగం దండగే మామా. ఒగటి యాడ సాలుతాది? రెండేసి యేసుకో."

"సదువుకున్నోనివి, నువ్వు చెప్తే సరేలేప్పా" అన్నాడు.

వారం తిరక్కుండానే మిషన్ మీద ఒరిగిపోయాడు. విరేచనం తారులా నల్లగా అవుతోందని భార్య చెప్పింది. నేనే కారు మాట్లాడి ప్రొద్దుటూరులో ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. కడుపులో పుండుపడి రక్తం కారుతోందన్నారు. రక్తం ఎక్కించారు. ఇంకో రోజు ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదట.

"పూటకు రెండు మింగమని ఎవరు చెప్పారు?" ఖాళీ అయిన మాత్రల అట్టలు చూసి డాక్టరు అడిగాడు.

మామ ఒక్కసారి నా వైపు చూశాడు. "యెవురూ చెప్పల్యా సార్. ఓర్సుకోల్యాక నేనే యేసుకుంటి."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పటికీ బుద్ధి రాలేదు. బయటికొచ్చాక, "అందులో సగం పనిచేయదు కదా సార్?" అని డాక్టరును అడిగాను.

"లివర్‌లో రేసిమేజ్ అనే ఎంజైము ఉందండీ. మీరు పనికిరాదనుకునే ఆర్ రకాన్ని చాలావరకు ఎస్‌గా తిప్పేస్తుంది. అదంతా చూసుకునే పూటకొకటి రాసేది."

ఆయనకు అర్థమైపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మామ బతికాడు. పండగ బట్టలు మాత్రం వేరే టైలర్లకు వెళ్లిపోయాయి. ఆ తర్వాత చీటీకి మించి ఒక్క మాట చెప్పడం మానేశాను. అనుమానమొస్తే డాక్టరుకు ఫోన్ చేస్తాను. మిడిమిడి జ్ఞానం సంగతి అలా తెలిసొచ్చింది. కానీ ఆ గదిలో "నేనే చెప్పాను" అనడానికి నాకు జ్ఞానం కాదు, మనిషితనం చాల్లేదు. ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మొన్న మామ గ్యాస్ మాత్రలకు వచ్చాడు. షాపు నిండా జనం. కవరు అందుకుని, ఎగతాళి ఏమీ లేకుండానే అడిగాడు:

"ఒగటేనాప్పా, రెండా?"

చీటీలో ఉన్నది చదివి వినిపించాను. తలెత్తలేకపోయాను.