బావగారి బస్సూ, మరదలి స్క్రూడ్రైవరూ

వీధిలో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. చూసేది మనుషుల్ని కాదు, లాప్‌టాప్‌లని. ఎవరైనా యంత్రం తెచ్చి బల్ల మీద పెడితే వెంటనే స్క్రూడ్రైవరు అందుకోదు. "ముందు మీరు రోజూ చేసే పనేదో నా ఎదురుగా చెయ్యండి" అంటుంది. తొందరలో ఉన్నవాళ్లు ముఖం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ! మనిషి నోటితో చెప్పేది సగమే, మిగతాది వేళ్లు చెబుతాయని ఆమె నమ్మకం.

ఒకరోజు పొద్దున్నే అక్క ఫోను చేసింది. "ఒకసారి రావే తల్లీ. మీ బావ సోమవారం పరీక్షకి వెళ్లనని భీష్మించుకు కూర్చున్నాడు."

బావ ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపినవాడు. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మందులతో, వ్యాయామంతో చెయ్యి తిరిగి వచ్చింది, డాక్టరూ సరేనన్నాడు. ఇక మిగిలింది డిపోలో పరీక్ష. నెగ్గితే మళ్లీ బస్సు, లేదంటే రిటైరయ్యేదాకా ఆఫీసులో కాగితాల మీద ముద్రలు కొట్టుకోవడమే. సాధన కోసమని కూతురు తన పాత గేమింగ్ లాప్‌టాప్‌లో బస్సు నడిపే ఆట పెట్టి, బల్లకి ఒక స్టీరింగు బిగించి ఇచ్చింది. ఆ ఆటే కొంప ముంచింది. ఖాళీ రోడ్డు మీద హాయిగా వెళ్లే బస్సు, బజారు మలుపు రాగానే బయటి గోడకి గుద్దుకుంటోంది. రెండు నెలలుగా ఇదే వరస.

"చెయ్యి చచ్చిపోయింది, డాక్టరమ్మా" అన్నాడు బావ. "తిప్పాననే అనుకుంటాను, అది తిరగదు. ఆటలో కాబట్టి గోడ. నిజం బజారైతే జనం కదా!"

"ఆ సంగతి తర్వాత. ముందు నడుపు, చూస్తాను."

ఆమె తెర వైపు చూడలేదు, చేతి వైపు చూసింది. చెయ్యి తిరిగింది. అప్పుడు తెర వైపు చూసింది. దుకాణాలూ జనమూ ఒక్కసారిగా వచ్చిపడేసరికి బొమ్మ నిలిచిపోయి, గెంతి, గోడ దగ్గర తేలింది.

"చెయ్యి కాదు బావా, బొమ్మ వెనకబడుతోంది. లోపల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ముసలిదైపోయింది."

బావ ఒంటికాలి మీద లేచాడు. "నన్ను ఓదార్చకు!"

"ఓదార్చడానికి అక్క ఉంది. నేనొచ్చింది రిపేరుకి."

చాలా లాప్‌టాప్‌లలో ఆ కార్డు బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు. ఈ పాత బండదాంట్లో మాత్రం విడిగా బిగించి ఉంది. అదే రకం లాప్‌టాప్ పాడైతే దాంట్లోంచి తీసి దాచిన బలమైన కార్డొకటి ఆమె దగ్గరుంది. మర్నాడు అది పట్టుకొచ్చింది. బ్యాటరీ తీసి, వేడి లాగే రాగి గొట్టాలు విప్పి, వాటి కింద ఎండిపోయిన పేస్టు తుడిచి, కొత్త కార్డు వాలుగా దూర్చి స్క్రూలు బిగించింది. స్విచ్చి నొక్కితే తెర నల్లగానే ఉండిపోయింది.

"పాడైపోయిందా?" అంది అక్క.

"కొత్త కోడలు కదక్కా. ఇల్లు చూసుకోనీ కాస్త."

కాసేపటికి తెర వెలిగింది. బజారు మలుపులో బొమ్మ ఎక్కడా తడబడలేదు. అయినా బస్సు వెళ్లి గుద్దుకుంది. బావ స్టీరింగు వదిలేశాడు.

"ఇప్పుడేమంటావు? ఈ కార్డూ ముసలిదేనా?"

అక్క ముఖం తిప్పుకుంది. డాక్టరమ్మ స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది. పరీక్షకి వెళ్లమని చెప్పడానికి ఇక తన దగ్గర ఏముంది? ఒక్క క్షణమే. తెర వైపు పరకాయించి చూసి పకపకా నవ్వింది.

"బావా, ఇన్నాళ్లూ దేనికి గుద్దావు?"

"బయటి గోడకి. నీకు తెలీదా?"

"మరి ఇప్పుడు?"

బావ వంగి చూశాడు. "మలుపు లోపలి గట్టుకి."

"అదీ! బొమ్మ ఆలస్యమని నీ బుర్రకి తట్టలేదు గానీ నీ చేతికి తెలిసిపోయింది. రెండు నెలలుగా ముందే తిప్పడం నేర్చుకుంది, పాత కార్డుకి అదీ చాల్లేదంతే. ఇప్పుడు బొమ్మ వేళకొస్తోంది, చెయ్యేమో వేళకి ముందే తిరిగింది. చచ్చిన చెయ్యి ఎక్కడైనా తొందరపడుతుందా బావా?"

బావ ఎడమ చెయ్యి ఎత్తి, వేళ్లు ఒక్కొక్కటీ ముడిచి తెరిచాడు. మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. రెండోసారి గట్టుకి రాసుకుంటూ పోయింది. మూడోసారి మలుపు తిరిగేసింది. నాలుగో, అయిదో, ఆరోసారీ అంతే. ఏడోసారి తెర మీద ఎవడో సైకిలువాడు అడ్డొస్తే బావ గొంతు చించుకుని అరిచాడు: "ఓయ్! ఇంట్లో చెప్పొచ్చావా?"

ఆరు నెలల తర్వాత ఆ అరుపు విని అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

బావ వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "నా యూనిఫారం ఎక్కడ పడేశావో ఏమో! సోమవారానికి ఇస్త్రీ చెయ్యాలి."

"చేసే ఉంది" అంది అక్క. "ప్రతి ఆదివారమూ చేస్తూనే ఉన్నాను."