తమ్ముడు దిగిన ఎర్ర కుర్చీ

మొన్న నిజామాబాదులో మా మనుమరాలిని కొత్త బడిలో వేయడానికి పోయినప్పుడు, గడప దాటీ దాటకముందే అక్కడి అమ్మాయి ఒకతె నాకు కుర్చీ జరిపి కూర్చోమంది. బోర్డు మీద ఇంగ్లీషులో ప్రిపరేటరీ అని రాసి ఉందని కొడుకు అప్పుడే చదివి చెప్పాడు, ఆ మాట చెవిన పడగానే నేను కూర్చోవలసిన కుర్చీనే పట్టుకుని కాసేపు నిలబడిపోయాను. కోడలు అది మోకాళ్ల నొప్పి అనుకుంది. పాపం ఆటోలోనే చెప్పి తెచ్చింది, "అత్తమ్మ, ఆడ మీరేం మాట్లాడకుండ్రి, అడిగితే నేను చెప్త" అని. నేను మాట్లాడితే అర్థం చేసుకునేది నా ఈడువాళ్లే, అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

మా ఊరు రుద్రూర్ దగ్గర. మా చిన్నతనంలో మాకు తెలిసిన బడులు మూడు రకాలు. ఊళ్లోది సర్కారు బడి, అందులో నేల మీదే కూర్చునేవాళ్లం, చాప కావాలంటే ఇంటి నుంచి గోనెసంచి తెచ్చుకోవాలి, మూడు తరగతులకు ఒక్కడే సారు, చెరుకు కొట్టే కాలం వస్తే సగం బడి చేలలోనే ఉండేది, సారు కూడా చేను గట్టు మీదికి వచ్చి ఒక గడ విరుచుకుని మా హాజరు అక్కడే అడిగి పోయేవాడు. నేను రెండో తరగతి దాకా అందులోనే చదివాను, తర్వాత తమ్ముణ్ని ఎత్తుకోవడానికి ఇంట్లో ఉండిపోయాను. రెండోది బోధన్‌లో కిరస్తానీవాళ్ల బడి, దాంట్లో పొడుగు బల్లలు ఉండేవి, చంకలో పసిపిల్లతో వచ్చిన ఆడపిల్లను కూడా పొమ్మనేవాళ్లు కాదట. మా వాడకట్టులోని ఒక అక్క అక్కడ ఆయాగా పనిచేసేది, ఆమె చెప్పగా విన్నదే తప్ప నేను చూసింది లేదు. మూడోది ప్రిపరేటరీ. బోధన్‌లోనే ఒక బంగళాలో ఒక దొరసాని నడిపేది, అక్కడ చదివిన పిల్లలను పట్నంలోని పెద్ద బడులు కళ్లకద్దుకుని తీసుకుంటాయని చెప్పుకునేవాళ్లు. ఆ బడిలో పిల్లకొక కుర్చీ, కుర్చీకొక రంగు.

మా బాపు చెరుకు బండి తోలేవాడు. చక్కెర ఫ్యాక్టరీలో తూకం వేసే కాటా దగ్గర ఒక గుమాస్తా బాబు ఉండేవాడు, బండి మీద కూర్చున్న మా తమ్ముడు లారీల మీది అక్షరాలు గడగడా చదవడం చూసి, తన కొడుకు ప్రిపరేటరీలోనే చదువుతున్నాడని, దొరసానితో మాట్లాడతానని, వీణ్ని కూడా తీసుకురమ్మని బాపుతో అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వేరే ముచ్చట లేదు. ఆయా అక్క పొద్దుగూకినాక వచ్చి తమ్మునికి రంగుల పేర్లు ఇంగ్లీషులో నేర్పేది, గుడ్ మార్నింగ్ చెప్పించేది. మా ఇంట్లో కుర్చీ ఎక్కడిది, చెరుకు మోపులు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, కాళ్లు వేలాడేసి కదలకుండా కూర్చోవడం నేను నేర్పాను. జారిపడి వాడు నవ్వితే అవ్వ, అంటే మా అమ్మ, కోప్పడేది, "నవ్వకురా, గా దొరసాని పండ్లు లెక్కవెట్టి పంపిస్తది" అని.

పిలిచిన రోజు బాపు వెంట నేను కూడా పోయాను, బంగళా వరండాలో తలుపు పక్కన నిలబడి అంతా చూశాను. తమ్ముడు ఎర్ర కుర్చీలో నిటారుగా కూర్చుని, అడిగిన రంగల్లా చెప్పాడు. దొరసాని ముఖంలో నవ్వు కనిపించింది. అప్పుడే ఆమె బాపుకు కుర్చీ చూపించి కూర్చోమంది. బాపు పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి దొరల ముందర కుర్చీలో కూర్చున్నవాడు కాదు, "నాకు గిట్లనే మంచిగుంటది దొరసాని" అని భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు. మా ఇళ్లలో తండ్రి కింద కూర్చుంటే పిల్లలు మంచం మీద కూడా కూర్చోరు, అది ఎవరూ నేర్పేది కాదు, పాలతో పాటు వచ్చేది. తమ్ముడు ఒకసారి బాపును చూశాడు. మెల్లగా కుర్చీ దిగి వచ్చి బాపు మోకాలికి ఆనుకుని కూర్చున్నాడు.

దొరసాని రెండుసార్లు పిలిచింది. వాడు లేవలేదు, "బాపు కింద కూసున్నడు కదా, నేను మీద ఎట్ల కూసుంట" అన్నాడు. బాపు వాణ్ని పైకి నెట్టాడు, బతిమిలాడాడు, కానీ తాను మాత్రం లేచి కుర్చీలో కూర్చోలేకపోయాడు. తాను కూర్చుంటే వాడు కూర్చుంటాడని ఆయనకు తోచనే లేదో, తోచినా కాళ్లు రాలేదో, ఇప్పటికీ నాకు తెలియదు. తమ్మునికి అన్నీ నేర్పిన మేము బాపుకు ఏమీ నేర్పలేదు. "అబ్బాయి తెలివైనవాడే, కానీ అలవాట్లు రావాలి, మా పిల్లల్లో కలవలేడు" అని దొరసాని మెత్తగానే చెప్పి పంపించింది. ఆ మెత్తదనమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మర్నాడు కాటా దగ్గర బాబు ఏమైందని అడిగితే బాపు నవ్వి, "గా కుర్చీలు శానా చిన్నగున్నయి బాబు, మావోడు పట్టలే" అన్నాడట. ఇంట్లో మాత్రం వారం దాకా సరిగా బువ్వ తినలేదు.

తమ్ముడు సర్కారు బడిలోనే ఏడో తరగతి దాకా చదివి, నిజామాబాదులో ఒక ఆఫీసులో అటెండరయ్యాడు. ఉన్నన్నాళ్లూ పెద్దల ఎదుట కుర్చీలో కూర్చోలేదు. పదవీ విరమణ రోజు పూలదండ వేసి కుర్చీ చూపిస్తే, దాని చేయి పట్టుకుని చివరిదాకా నిలబడే ఉన్నాడు. ఎంత వినయమో అని అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఇప్పుడు వాడు లేడు.

మా కోడలు కూడా మనుమరాలిని ఈ బడికి తయారు చేయడానికి నెలల తరబడి కష్టపడింది. చిన్న కుర్చీ కొని తెచ్చింది, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలంది, నా ఒళ్లో కూర్చుని కథ వినడం మాన్పించింది, "ఒళ్లో కూసునే అలవాటు పోవాలె అత్తమ్మ, ఆడ సూస్తరు" అని. ఆ పిల్ల తప్ప నా కథలు వినేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అయినా కోడలి తప్పు నాకు కనిపించలేదు, ఒకప్పుడు చెరుకు మోపులు పేర్చింది నేనే కదా.

మొన్న పిల్ల లోపల అన్నీ చెప్పిందట, చేర్చుకున్నారు. కొడుకు, కోడలు డబ్బు కట్టడానికి పోతే పిల్లను నా దగ్గర వదిలారు. నేను కుర్చీలోనే కూర్చుని ఒడి తట్టి, దా బిడ్డా అన్నాను. అది తల్లి పోయినవైపు ఒకసారి చూసి, నా పక్కనున్న ఎర్ర కుర్చీ ఎక్కి, కాళ్లు వేలాడేసి, కదలకుండా కూర్చుంది. ఆ రోజు తమ్ముడు కుర్చీ దిగినందుకు మా ఇల్లంతా ఏడ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ఒక పిల్ల కుర్చీ దిగకుండా కూర్చోవడం నేర్చింది. కొడుకు మిఠాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు, తిన్నాను.