మా మరదలి గొంతు, మైకులో చిటపటలు

పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి నేను. ఆ చదువుతోనే పిండిమర నడిపాను. మా వీధిలో డీజిల్ ఇంజను పీకేసి కరెంటు మోటారు బిగించిన మొదటి మనిషిని నేనే. పిండిమరల యజమానుల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణయ్యాను. ఈ ఇంటి మేడ నా చేతుల మీదుగా లేచిందే. ఇంతా చేసి, మా ఇంట్లో ఊరందరికీ తెలిసిన మనిషి ఎవరయ్యా అంటే నేను కాదు, మా తమ్ముడి భార్య. ఆమె ముఖం చాలామందికి తెలియదు. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు.

బస్టాండులో అనౌన్సరుగా పనిచేసింది మా మరదలు. పెళ్ళయిన కొత్తలో ఆ ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద రభసే జరిగింది. "కోడలి గొంతు మైకులో ఊరంతా వినాలా?" అని మా నాన్న గుర్రుమన్నాడు. "తప్పు చెబితే కదా సిగ్గుపడాలి? సరిగ్గా చెబితే మనకే పరువు" అని ఎదురు చెప్పింది నేను. ఈ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటాను.

ఆ కొలువు ఆమె ఒంటికి పట్టేసింది. ఇంట్లోనూ అదే ధోరణి. మధ్యాహ్నమైతే మెట్ల కింద నిలబడి, "భోజనానికి వెళ్ళవలసినవారు వెంటనే వంటింటికి రావలెను. బావగారు ఇప్పటికే ఆలస్యంగా నడుస్తున్నారు" అని చదివేది. "నాకు తోడికోడలు వస్తుందనుకుంటే బస్టాండు వచ్చింది" అని మా ఆవిడ నవ్వేది.

తరువాత బస్టాండులో మనుషుల గొంతులు తీసేసి కంప్యూటరు గొంతు పెట్టారు. మరదల్ని టిక్కెట్ల కిటికీ వెనకకు మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే చిల్లర ఇస్తూ కూర్చుంది. ఇంట్లో ప్రకటనలు కూడా మెల్లగా ఆగిపోయాయి. భోజనం వేళకు వచ్చి, "రండి" అని ఊరుకునేది.

ఈ మధ్య, పుస్తకాలు చదివి వినిపించే సంస్థ ఒకటి మంచి గొంతులు కావాలని అడిగితే మాకెవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. ఒక నవల మొదటి అధ్యాయం ఇంట్లోనే రికార్డు చేసి పంపమన్నారు. బాగుంటే పుస్తకమంతా ఆమెకే. మేడ మీద సామాను గది ఖాళీ చేయించింది. మా తమ్ముడి పాత ల్యాప్‌టాపు, ఒక మైకు, రెంటినీ కలిపే చిన్న పెట్టె బల్ల మీద అమర్చింది. వీధి చప్పుడు రాకుండా గోడలకు బొంతలు వేలాడదీశాం. మేకులన్నీ నేనే కొట్టాను, ఒక్కటీ వంకర పోలేదు.

మొదటిసారి పంపిన రికార్డింగు వెనక జుయ్యిమని ఒకటే మోత ఉందన్నారు. సంస్థలో శబ్దం చూసే అమ్మాయి, ల్యాప్‌టాపు ఛార్జరు పీకి చదవమంది. పీకితే మోత పోయింది. మరదలు హుషారుగా మళ్ళీ చదివి పంపింది. ఈసారి ఆ అమ్మాయి ఫోను చేసి, "మోత లేదండీ, కానీ మధ్యమధ్య చిటపటలు వస్తున్నాయి. శుక్రవారం సాయంత్రానికి శుభ్రంగా రాకపోతే ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది, ఏమనుకోకండి" అంది.

మరదలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన రికార్డింగు విని కిందికి దిగి వచ్చింది.

"మైకుది కాదు బావగారూ. నా గొంతే జీరపోయింది. ఇన్నేళ్ళు వాడకుండా మూలన పడేశాను కదా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆమెకు పుస్తకం పోతుందన్న దిగులు కాదది. గొంతు పోయిందన్న భయం.

ఇక ఇంట్లో కట్టుదిట్టాలు మొదలయ్యాయి. ఒకపక్క ఆమె వేడినీళ్ళు తాగడం, ఆవిరి పట్టడం. మరోపక్క మేం ఇల్లంతా నోరు నొక్కేయడం. ఫ్రిజ్ ఆపాం, ఫ్యాన్లు ఆపాం, గోడ గడియారం దించాం. మైకుకు కొత్త వైరు తెచ్చాం. మా తమ్ముడు మెట్ల మీద దొంగలా నడవసాగాడు.

"నా మోకాళ్ళు కూడా టకటకమంటాయి. వాటిని తీసి పెరట్లో పెట్టమంటావా?" అంది మా ఆవిడ.

"ఊరుకో అక్కా, నవ్వితే దగ్గొస్తుంది" అంది మరదలు.

చిటపటలు మాత్రం తగ్గలేదు. శుక్రవారం పొద్దున ఆమె పుస్తకం మూసేసి, "వేరేవాళ్ళకే ఇచ్చుకోమని ఫోను చేసేస్తాను" అంది.

"ఆగమ్మా. మరలో గరగరమంటే గింజలో బెడ్డ ఉందా, మరలోనే లోపమా అని ఎలా చూస్తామనుకున్నావు? గింజ పోయకుండా ఓ క్షణం ఉత్త మర తిప్పి వింటాం" అన్నాను.

ఆమె చేతిలోని పుస్తకం పక్కన పెట్టింది. "అంటే నేను నోరు మూసుకుని రికార్డు చేయాలి."

"పెళ్ళయినప్పటి నుంచి ఈయన చెప్పిన మంచి మాట ఇదొక్కటే" అంది మా ఆవిడ.

మరదలు గది తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపు ధడాలున తెరిచి, హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించింది. మాట లేదు, ఊపిరి లేదు. చిట్. పట్. మళ్ళీ చిట్.

"నేను కాదు బావగారూ! నోరు మూసుకున్నా అదే చప్పుడు!" అంటూ మెట్టు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

గొంతు నిర్దోషి అని తేలింది. దోషి ఎవరో తేలాలి. "మార్చినవన్నీ ఒక్కొక్కటే పాత స్థితికి తీసుకురండి, రెండు కలిపి ముట్టుకోవద్దు" అన్నాను. పాత వైరు పెట్టి చూశాం, చిటపట పోలేదు. ఫ్యాను వేసి చూశాం, దాని గాలి చప్పుడు తోడైందే కానీ చిటపట అలాగే ఉంది. ఛార్జరు గుచ్చాం. చిటపట మాయమై జుయ్యిమనే మోత వచ్చింది. పీకాం. మోత పోయి చిటపట వచ్చింది.

"ఛార్జరు తీయగానే తెర మసకబారుతోందేమిటి?" అంది మరదలు.

మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అది... బ్యాటరీ ఎక్కువసేపు రావాలని నేనే తగ్గించి పెట్టాను."

"ఏం తగ్గించారు?"

"వెలుతురు. దాంతోపాటు కొంచెం వేగం కూడా తగ్గుతుందట."

మరదలు వెంటనే ఆ అమ్మాయికి ఫోను చేసింది. సంగతి అదేనట. బ్యాటరీ ఆదా చేయడానికి యంత్రం కునుకుతూ పనిచేస్తుంటే, వచ్చే శబ్దాన్ని వేళకు అందుకోలేక అక్కడక్కడా ముక్కలు జారవిడుస్తోంది. జారిన ప్రతిచోటా చిట్‌మంటోంది. బ్యాటరీ నిండుగా ఎక్కించి, ఆ పొదుపు తీసేసి, ఛార్జరు లేకుండా చదవమంది.

మరదలు ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. నడుం మీద చేయి వేసి, ఎన్నాళ్ళకో ఆ పాత గొంతు ఎత్తింది. "ప్రయాణికులకు గమనిక. మా ఆయన పొదుపు కారణంగా కలిగిన ఆలస్యానికి చింతిస్తున్నాము."

"నేనేం చేశాను, కరెంటు మిగిల్చాను కదా అన్నయ్యా?" అని తమ్ముడు నా వెనక దాక్కున్నాడు.

బ్యాటరీ నిండాక, ఆ పొదుపు తీసేసి, మళ్ళీ నోరు మూసుకుని రికార్డు చేసింది. చిన్న చప్పుడు కూడా లేదు. అప్పుడు పుస్తకం తెరిచింది. నేను తలుపు బయట కుర్చీ వేసుకుని, ఎవరినీ పైకి రానివ్వకుండా కాపలా కూర్చున్నాను. బొంతలు దాటి మాటలు సరిగ్గా వినపడలేదు కానీ, ఆ గొంతు ఎక్కడా తడబడలేదని నాకు తెలుస్తూనే ఉంది. పొద్దు వాలకముందే అధ్యాయం వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం ఆ అమ్మాయి ఫోను. "చాలా శుభ్రంగా ఉందండీ. మీ గొంతు మాకు మొదటిసారే నచ్చింది. అందుకే మళ్ళీమళ్ళీ అడిగాం. మిగతా అధ్యాయాలు మొదలుపెట్టండి."

మరదలు ఫోను పెట్టేసింది. పుస్తకం పట్టుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"రెండో అధ్యాయంలో ఒక పెద్దాయన వస్తాడు బావగారూ. బాగా అధికారంగా మాట్లాడే మనిషి. ఆయన గొంతు ఎలా పెట్టాలో పట్టుకోవాలి. మీరో నాలుగు మాటలు మాట్లాడండి, వింటాను."

నేను సర్దుకుని కూర్చుని, కరెంటు మోటారు బిగించిన రోజు నుంచి మొదలుపెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, నా మాట చివర్లు ఎలా సాగుతున్నాయో తనలో తను పలికి చూసుకుంటోంది. సంఘం ఎన్నికల దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది.

"చెల్లీ, ఆ పుస్తకంలో అయినా ఆయన్ని ఆపేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"